ఆగినదా, ఆపినదా?

చాలాకాలానికి మళ్ళీ ఈ పుట తెరిచాను. పాతమిత్రులు మన్నించాలి. వ్రాయదలచిన విషయం చిన్నదే. వ్రాయడానికి మాత్రం రెండేళ్ళకు పైగా పట్టింది. కారణం బద్ధకం కాదు, సిగ్గు.

ముందుగా కొంచెం వ్యాకరణం. తెలుగు పండితుడి చేతిలో పడ్డాక ఆ మాత్రం తప్పదు. 'ఆగు' అకర్మక క్రియ. 'ఆపు' సకర్మక క్రియ. వాన ఆగుతుంది, గాలి ఆగుతుంది, గోడగడియారం ఆగుతుంది. ఇవన్నీ వాటంతట అవే జరిగిపోతాయి, ఎవరినీ నిలదీయనక్కరలేదు. ఆపడం అలా కాదు. ఆపినవాడొకడు ఉండాలి, ఆపబడినదొకటి ఉండాలి. ఒక్క అక్షరం తేడాతో బాధ్యత ఒకరి నెత్తిమీదికి వచ్చి కూర్చుంటుంది. మనుషులు ఆ అక్షరాన్ని తప్పించుకోవడానికి పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు.

ఈ పాఠం నేను ఒక సైకిలును అడ్డం పెట్టుకుని ఇతరులకు చెప్పాను. ఇరవై ఏడేళ్ళ తరువాత ఒక కారు వల్ల, ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, నేనే నేర్చుకున్నాను. ఆ రెంటి కథా ఇది.

1996లో నేను నల్లగొండ జిల్లాలో, పెద్ద రోడ్డును ఆనుకుని ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా ఉన్నాను. చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లలు సైకిళ్ళ మీద వచ్చేవారు. ఆ సైకిళ్ళ బాధ్యత నాకు అప్పగించారు. లెక్కల మాస్టారికి పరీక్షలు, డ్రిల్లు మాస్టారికి ఆటలు, తెలుగు మాస్టారికి సైకిళ్ళు! మొదట చిన్నతనంగా అనిపించింది. పదిరోజులు గడిచేసరికి, బడి మొత్తంలో ప్రాణాపాయంతో ముడిపడిన పని అదొక్కటేనని బోధపడింది. సాయంత్రం చివరి గంట కొట్టగానే వందల మంది పిల్లలు ఒక్కసారిగా రోడ్డు మీదికి దూకుతారు. అవతల లారీలు.

అందుచేత మూడు నియమాలు పెట్టాను. గేటు దగ్గర సైకిలు దిగి నడిపించుకుంటూనే లోపలికి రావాలి, అలాగే బయటికి పోవాలి. సున్నంతో గీసిన గీతల మధ్య తరగతివారీగా నిలపాలి. సాయంత్రం ముందు నడిచేవాళ్ళు, అందులోనూ ఆరో తరగతి చిన్నపిల్లలు, బయటికి పోవాలి. వాళ్ళు రోడ్డు దాటిన తరువాతనే సైకిళ్ళు, అవీ తరగతికి తరగతికీ ఐదు నిమిషాల ఎడంతో. పదో తరగతివాళ్ళు గొణిగారు. ఒకరిద్దరు ఉపాధ్యాయులు కూడా గొణిగారు, ఎందుకంటే వాళ్ళ స్కూటర్లకూ నేను గీత గీశాను. ఏమైతేనేం, నియమం నిలిచింది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనవేళ చేతిపంపు దగ్గర గొడవగా ఉంటే వెళ్ళాను. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు తన సైకిలును పంపుకు చేరవేసి, తాళం కూడా వేసి పోయాడు. ఆడపిల్లలు గిన్నెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాణ్ణి పిలిపించి, "ఎందుకు పెట్టావురా ఇక్కడ?" అన్నాను. వాడు తల వంచుకుని, "పెట్టలేదు సార్, అక్కడ ఆగింది" అన్నాడు.

నాలోని పండితుడు లేచి కూర్చున్నాడు. అక్కడికక్కడే, పంపు పక్కన, అకర్మక సకర్మక క్రియల భేదం ఉపన్యసించాను. "సైకిలుకు మనసు లేదు, ఇచ్ఛ లేదు, కర్తృత్వం లేదు. అది ఆగలేదు, నువ్వు ఆపావు" అన్నాను. పిల్లలు పగలబడి నవ్వారు. 'సైకిలు ఆగలేదు, నేను ఆపాను' అని వాడిచేత వందసార్లు వ్రాయించాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఈ ముచ్చట మా ఆవిడకూ పిల్లలకూ చెప్పాను. అది మా ఇంట్లో సామెత అయి కూర్చుంది. పాలు పొంగి పొయ్యి మీద పడినా, "పొంగాయా, పొంగించావా?" అనేవారు. నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఆ పిల్లవాడికి ఆ రోజు ఎలా ఉండిందో నేను ఎన్నడూ ఆలోచించలేదు.

ఇక విశ్వవిద్యాలయం మాట. నేను ఎం.ఏ. తెలుగు చదివినది ఉస్మానియాలో, 1979 నుంచి 1981 దాకా. బస్సు దిగి నడిచేవాళ్ళం. వసతిగృహం నుంచి ఆర్ట్స్ కళాశాలకు నడక, అక్కడి నుంచి గ్రంథాలయానికి నడక, మళ్ళీ మెస్సుకు నడక. 1918లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయానికి ఒకప్పుడు పదహారు వందల ఎకరాల నేల ఉండేదని చెబుతారు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు నిలబడితే, ఆ గులాబిరాతి గోడల ఎత్తు మనిషిని నడిపించడానికే కట్టినట్టు ఉంటుంది. దూరం నుంచి మెల్లగా దగ్గరవుతుంటేనే దాని పొడవూ ఎత్తూ కంటికి అందుతాయి. మా ఆచార్యులలో ఒకరిద్దరికి స్కూటర్లు ఉండేవి. కారు వచ్చిందంటే అది ఉపకులపతిదో, మంత్రిగారిదో అని తల తిప్పి చూసేవాళ్ళం. పద్యాలు నడకలోనే నోటికి వచ్చేవి. ఛందస్సులో గణాలు వేయడానికి అడుగులు లెక్కపెట్టుకున్న రోజులవి.

ఉద్యోగ విరమణ తరువాత, 2016 నుంచి, మేము ఆ ప్రాంగణానికి దగ్గరలోనే ఉంటున్నాము. ఉదయపు నడకకు అక్కడికే పోవడం అలవాటయింది. నేను చదివిన రోజులకూ ఇప్పటికీ మధ్య నగరం ఆ ప్రాంగణాన్ని నాలుగు వైపులా చుట్టుముట్టింది. ఒకవైపు తార్నాక, ఇంకోవైపు విద్యానగర్, మరోవైపు హబ్సిగూడ. వీటి మధ్య పోవలసిన వారికి విశ్వవిద్యాలయపు రోడ్లు దగ్గరిదారి అయ్యాయి. ఏళ్ళ తరబడి ఎందరో వాటిని అలాగే వాడుకున్నారు. పాఠం వినడానికి వచ్చే వాహనం వేరు, పాఠం మీదుగా దాటిపోయే వాహనం వేరు. రెండూ ఒకే రోడ్డు మీద ఒకే హారను మోగిస్తాయి.

దీనికి ఉపాయం గేట్లు మూసివేయడమేనని నడకమిత్రులలో కొందరు అంటారు. నేనూ చాలాకాలం అదే అనేవాణ్ణి. తరువాత ఒకటి గమనించాను. ఏ విశ్వవిద్యాలయంలోనైనా గేటు మూసినప్పుడు మొదట ఆగేది ఆటో. ఆ ఆటోలో ఉండేది రేకుపెట్టె, పరుపుచుట్టతో పల్లె నుంచి కొడుకును చేర్పించడానికి వచ్చిన తండ్రి. అద్దానికి చీటీ అంటించిన కారుకు గేటు దానంతట అదే తెరుచుకుంటుంది. గేటు అవసరమే, కాదనను. కానీ ఆ గేటు అడగవలసిన ప్రశ్న 'నీవెవరు?' అని కాదు, 'నీ పని ఇక్కడేనా, అవతలనా?' అని. పని లోపల ఉన్నవాడు ఆటోలో వచ్చినా రావచ్చు. పని లేనివాడు ఎంత పెద్ద కారులో ఉన్నా చుట్టూ తిరిగి పోవచ్చు.

ఇంత వివేకం నాకు ఉన్నదని అనుకుంటున్న కాలంలోనే, 2023 వేసవిలో, ఆ సంగతి జరిగింది.

మా అమ్మాయి కూతురికి ఇంటర్మీడియెట్ తరువాత ఐదేళ్ళ ఎం.ఏ. కోర్సులో సీటు వచ్చింది. వేరే ఊళ్ళోని విశ్వవిద్యాలయం. పేరు ఇక్కడ అనవసరం, తప్పు దానిది కాదు గనుక. ధ్రువపత్రాల పరిశీలనకు పిల్లను తీసుకుని అల్లుడి కారులో నేనే బయలుదేరాను. పదిగంటలకు రమ్మన్నారు. మేము చేరేసరికి పదీ పది. ప్రధాన ద్వారం దగ్గర సెక్యూరిటీ ఉద్యోగి, యాభై ఏళ్ళవాడు, "కార్లు ఎడమపక్క మైదానంలో పెట్టాలి సార్" అన్నాడు. మైదానం నుంచి భవనానికి అర కిలోమీటరు ఉంటుంది. ఎండ మండుతోంది. పిల్ల చేతిలో దస్త్రం, మనసులో కంగారు. "ఆలస్యమైపోయింది నాయనా, దించి వచ్చేస్తాను" అని లోపలికి పోనిచ్చాను.

భవనం ముందు రోడ్డుకు రెండువైపులా కార్లు, స్కూటర్లు. ఒక్కటంటే ఒక్క చోటు ఖాళీగా ఉంది, సరిగ్గా మెట్ల పక్కన. భగవంతుడు నాకోసమే అట్టిపెట్టాడనుకున్నాను. అంత రద్దీలో ఆ ఒక్క చోటు ఎందుకు ఖాళీగా ఉందో ఒక క్షణం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆలోచించలేదు. మరొక సెక్యూరిటీ ఉద్యోగి పరుగున వచ్చి, "ఇక్కడ పెట్టొద్దు సార్" అన్నాడు. నేను కారు దిగుతూ, ముప్పై నాలుగేళ్ళు తరగతి గదిలో వాడిన గొంతుతో, "రెండు నిమిషాలేనయ్యా. నేనూ టీచరునే" అన్నాను. నా నెరసిన తల చూశాడో, గొంతు విన్నాడో, వెనక్కి తగ్గాడు.

రెండు నిమిషాలు కాలేదు. వరుసలో నిలబడ్డాక ఒక పత్రానికి నకలు లేదన్నారు. జిరాక్సు కోసం పక్క భవనానికి పోయాను. అక్కడ మరో వరుస. మొత్తం ముప్పావుగంట గడిచింది.

తిరిగి వచ్చేసరికి మెట్ల దగ్గర నలుగురు గుమిగూడి ఉన్నారు. ఇద్దరు కుర్రవాళ్ళు ఒక చక్రాల కుర్చీని, అందులోని యువకుడితో సహా, మెట్ల మీదుగా ఎత్తి మోస్తున్నారు. ఒక్కొక్క మెట్టు దగ్గరా కుర్చీ ఒక పక్కకు ఒరుగుతోంది. ఆ యువకుడు కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుని, ఎటూ చూడకుండా, నేరుగా ముందుకు చూస్తున్నాడు. వెనుక ఒకామె, తల్లి కాబోలు, సంచీ గుండెలకు హత్తుకుని ఎక్కుతోంది. అప్పుడు చూశాను నా కారును. దాని వెనుక, ర్యాంపు అని మనం పిలిచే వాలుబాట. నేను కారు పెట్టింది సరిగ్గా దాని పాదం దగ్గర. ఆ చోటు ఎందుకు ఖాళీగా ఉందో అప్పుడు తెలిసింది. నాకంటే ముందు వచ్చిన అన్ని వాహనాల వాళ్ళూ, పాతికేళ్ళ కుర్రవాళ్ళతో సహా, దాన్ని వదిలి పెట్టారు.

ఇంతలో లోపలి నుంచి అధికారి ఒకాయన వచ్చి ఆ సెక్యూరిటీ ఉద్యోగిని నలుగురిలో కేకలు వేస్తున్నాడు. "ఎవడిదిరా ఆ కారు? నువ్వేం చేస్తున్నావిక్కడ?" అని. అతడు నావైపు ఒకసారి చూసి, నన్ను చూపించకుండా తల వంచుకున్నాడు. నేను ముందుకు వెళ్ళి, "అది నాదండీ" అన్నాను. ఆ తరువాత నా నోటి నుంచి వచ్చిన మాట నేనే నమ్మలేకపోయాను. "కంగారులో అక్కడ ఆగిపోయిందండీ."

ఆ యువకుడు పైమెట్టు దగ్గర నుంచి వెనక్కి తిరిగి, మర్యాదగా, "పరవాలేదు సార్, అలవాటే" అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. తల్లి మాత్రం నా ముఖం చూడలేదు. తిట్టి ఉంటే ఇంటికి పోయి మరచిపోయేవాణ్ణి. 'అలవాటే' అన్న ఆ ఒక్క మాట ఈనాటికీ చెవిలో ఉంది. ఒక మనిషికి దారి లేకపోవడం అలవాటయ్యేలా చేయడానికి నావంటి వాళ్ళు ఎంతమంది, ఎన్ని 'రెండు నిమిషాలు' ఖర్చు చేసి ఉంటారు!

కారు తీసి మైదానంలో పెట్టాను. అర కిలోమీటరు నడిచి వచ్చి సెక్యూరిటీ ఉద్యోగికి చేతులు జోడించి, "తప్పు నాది నాయనా, నీకు మాట వచ్చింది" అన్నాను. "మీరు పెద్దవారు సార్, నేనేమనగలను" అన్నాడు. నిజమే. అతడు ఏమీ అనలేడని తెలిసే గదా నేను ఆ గొంతు వాడింది.

తిరుగు ప్రయాణంలో చాలాసేపు మనవరాలు మాట్లాడలేదు. ఊరు దాటాక మెల్లగా అడిగింది. "తాతయ్యా, కారు ఆగిందా, నువ్వు ఆపావా?"

పిల్ల వెక్కిరించలేదు. నిజంగానే అడిగింది. చిన్నప్పటి నుంచి వాళ్ళ అమ్మ దగ్గర విన్న చేతిపంపు కథ అది. నాకు గొంతు పెగలలేదు. "ఆపాను తల్లీ" అన్నాను చాలాసేపటికి. ఇరవై ఏడేళ్ళ కిందట పిల్లలందరి ముందు తల వంచుకుని నిలబడ్డ ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడు ఆ క్షణంలో గుర్తుకు వచ్చాడు. వాడికి పదిహేనేళ్ళు. నాకు అరవై దాటాయి. ఇద్దరమూ ఒకే క్రియాపదం వెనుక దాక్కున్నాము. వాడిచేత వందసార్లు వ్రాయించినవాణ్ణి నేను, నాచేత వ్రాయించేవారెవరు?

అప్పటి నుంచి ఈ విషయమై దొరికినదల్లా చదివాను. తెలుసుకున్నవి కొన్ని మీతో పంచుకుంటాను.

మొదటిది వాలుబాట సంగతి. మన దేశంలో వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. భవనాలు అందరికీ ప్రవేశయోగ్యంగా ఉండడం దయ కాదు, హక్కు అన్నది దాని సారాంశం. ప్రభుత్వ మార్గదర్శకాల లెక్కలో వాలుబాట ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారి కారుకు కేటాయించే చోటు వెడల్పు 3.6 మీటర్లు, మామూలు కారుకు రెండున్నర. ఆ తేడా కుర్చీని దించి తిప్పుకోవడానికి. ఆ చోటు ప్రవేశద్వారానికి ముప్పై మీటర్ల లోపలే ఉండాలి. ఇంత శ్రద్ధగా కొలిచి కట్టిన దారిని మూసివేయడానికి కావలసింది ఒక్క కారు, ఒక్క 'రెండు నిమిషాలు'.

రెండవది నేల లెక్క. పట్టణ ప్రణాళికల్లో బహిరంగ స్థలంలో ఒక కారు నిలపడానికి, అది లోపలికీ బయటికీ రావడానికి కావలసిన దారితో కలిపి, 23 చదరపు మీటర్లు లెక్క కడతారు. నేలమాళిగలో అయితే 32. సాంకేతిక విద్యామండలి నిబంధనల పుస్తకాలలో ఒక తరగతి గదికి చూపిన వైశాల్యం 66 చదరపు మీటర్లు. అంటే మూడు కార్లు ఎండలో నిలబడే చోటులో ఒక తరగతి గది పడుతుంది. ఆ గదిలో అరవైమంది కూర్చుని పాఠం వింటారు. ఆ మూడు కార్లలో వచ్చినవారు, చాలా రోజులు, ముగ్గురే. ఈ లెక్క వేసిన రోజున నాకు నిద్ర పట్టలేదు. పార్కింగు చాలడం లేదని మొరపెట్టుకునే వాళ్ళం ఎన్నడూ తరగతి గదులు చాలడం లేదని అంత గట్టిగా మొరపెట్టుకోలేదు.

మూడవది, ఇది మనవాళ్ళకు మాత్రమే ఉన్న జబ్బు కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా పనిచేసిన క్లార్క్ కెర్, ఆచార్యులందరినీ కలిపి ఉంచేది పార్కింగు మీది ఫిర్యాదే అన్న అర్థంలో 1963 నాటి తన పుస్తకంలో చమత్కరించాడు. ఆ విశ్వవిద్యాలయానికే చెందిన బర్కిలీ ప్రాంగణంలో నోబెల్ బహుమతి పొందిన ఆచార్యులకు ప్రత్యేకంగా పార్కింగు చోట్లు కేటాయిస్తారు. 2012లో మా పెద్దబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు 'ఎన్.ఎల్.' అని వ్రాసిన ఆ బోర్డులు చూసి ముచ్చటపడ్డాను. విద్వత్తును గౌరవించే పద్ధతి అంటే ఇదీ అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే మరొకటి తోస్తుంది. అక్కడ భవనం పక్కన చోటు దొరకడం ఎంత అరుదో, దానికి ఎంతటి అర్హత కావాలో ఆ బోర్డు చెబుతుంది. మన ప్రాంగణాలలో ప్రతివాడూ తనకు తానే ఆ బహుమతి ఇచ్చుకుంటాడు. ఆ ఉదయం నేనూ ఇచ్చుకున్నాను.

ఆ రాష్ట్రంలోనే లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు పార్కింగు మీదనే జీవితకాలం పరిశోధన చేశాడు. 2025లో మరణించాడు. ఉచితంగా ఇచ్చే పార్కింగు నిజానికి ఉచితం కాదు, దాని ఖర్చు కారు లేనివాడితో సహా అందరి మీదా పడుతుంది అన్నది 2005లో వచ్చిన ఆయన గ్రంథపు సారం. చోటు పెంచితే సమస్య తీరుతుందని మనం అనుకుంటాము. పెంచిన చోటు ఇంకొన్ని కార్లను పిలుస్తుంది. ఇంట్లో బీరువా పెద్దదైతే బట్టలు పెరిగినట్లే.

మరి దారి లేదా? ఉంది, మన దగ్గరే ఉంది. మద్రాసు ఐ.ఐ.టి.లో విద్యార్థులు మోటారు వాహనాలు వాడరాదన్న నియమం ఎప్పటి నుంచో ఉంది. సైకిళ్ళూ, ప్రాంగణంలో తిరిగే బస్సులూ, నడకా. ఆ చెట్ల మధ్య జింకలు తిరుగుతూ ఉండడం అందరికీ తెలిసినదే. కళాశాలలకు శ్రేణులిచ్చే న్యాక్ సంస్థ కూడా ఇటీవలి సంవత్సరాల మూల్యాంకన పత్రాలలో, వాహనాల ప్రవేశాన్ని పరిమితం చేశారా, సైకిళ్ళో బ్యాటరీ బండ్లో వాడుతున్నారా, నడిచేవారికి అనువైన బాటలు ఉన్నాయా అని అడిగింది. కాగితం మీద 'అవును' అని వ్రాయడం సులువు. బాట మీద స్కూటరు లేకుండా చూడడమే కష్టం.

ఇవన్నీ చదివాక నాకు తేలినది ఏమిటంటే, నిపుణులు చెప్పే క్రమమూ, ఆనాడు మా బడి గేటు దగ్గర నేను పెట్టిన క్రమమూ ఒకటే. ముందు నడిచేవాడు, అందులోనూ అందరికంటే బలహీనుడు. తరువాత సైకిలు. తరువాత పదిమందిని మోసే బస్సు. చివర ఒక్కణ్ణి మోసే కారు. అందరినీ ఒకే గంటకు వదలకుండా వేళలు ఎడం చేయడం. వాహనాన్ని దూరంగా నిలిపి, మనిషిని దగ్గరికి తేవడం. ఆ దూరం నడవలేనివారికోసం మాత్రం ద్వారం పక్కన చోటు అట్టిపెట్టడం. ఆ క్రమానికి నేను చేర్చినది ఒకటే ఉంది: నియమం పెట్టినవాడికి కూడా గీత గీయడం. 1996లో నాకు సొంత వాహనం లేదు. కాబట్టి ఆ గీత నాకెన్నడూ అడ్డం రాలేదు. గీత మన చక్రం కిందికి వచ్చినప్పుడు గదా మన నియమం ఎంత గట్టిదో తెలిసేది!

"ట్రాఫిక్ ఆగిపోయింది" అంటాము. "అక్కడ బండ్లు నిలిచిపోయాయి" అంటాము. మన పత్రికలూ అలాగే వ్రాస్తాయి, వాన కురిసినట్టు, వరద వచ్చినట్టు. కర్త లేని వాక్యాలు. విశ్వవిద్యాలయాలు గేట్లు కట్టవచ్చు, చీటీలు అంటించవచ్చు, జరిమానాలు వేయవచ్చు, అవన్నీ కావలసినవే. కానీ ప్రతి బండి వెనుకా ఒక కర్త ఉన్నాడని ఆ కర్తే ఒప్పుకోనంతకాలం ఆ భారమంతా ఎండలో నిలబడ్డ సెక్యూరిటీ ఉద్యోగి మీదే పడుతుంది. అతడి నోరు మూయించడానికి మనకు ఒక హోదా, ఒక నెరసిన తల చాలు.

గత ఏడాది డిసెంబరులో మనవరాలిని చూడడానికి మళ్ళీ అక్కడికి వెళ్ళాను. ఈసారి బస్సులో. గేటు నుంచి ఆగి ఆగి నడిచాను. మోకాళ్ళు మునుపటిలా లేవు. దారిలో ఒక వేపచెట్టు కింద అరుగు మీద కాసేపు కూర్చున్నాను. ఆ భవనం ముందుకు వచ్చేసరికి, వాలుబాట పాదం దగ్గర నేల మీద తెల్లరంగుతో చక్రాల కుర్చీ బొమ్మ వేసి ఉంది. దాని మీద ఒక కారు.

సెక్యూరిటీ ఉద్యోగి కొత్త కుర్రవాడు. ఏమీ అనలేక అక్కడే తచ్చాడుతున్నాడు. నేను వాలుబాట కటకటా పట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలకు, చేతిలో పుస్తకాలతో, నాకంటే పదేళ్ళు చిన్నవాడైన ఒక పెద్దమనిషి వచ్చాడు. నన్ను చూసి, నా చూపు చూసి, తాళంచెవి వెతుక్కుంటూ, "రెండు నిమిషాలేనండీ, చోటు లేక ఇక్కడ ఆగింది" అన్నాడు.

వ్యాకరణ పాఠం నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు.

"నేనూ ఇక్కడే ఆపానండీ, మొన్నొకసారి" అన్నాను. "ఒక అబ్బాయిని మెట్ల మీద మోసుకుపోయారు."

ఆయన ఒక క్షణం నిలబడ్డాడు. తలుపు తీస్తూ, నేలమీది బొమ్మ వైపు చూశాడు. "నాదే పొరపాటు, ఇప్పుడే తీస్తాను" అన్నాడు.